బూడిద రంగుల్లో ఎన్ని ఛాయలో!

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద, తెలుగుబడి హోంవర్కు కాగితం పక్కన, రెండు వారాల పాటు మూడు రంగు కార్డులు వేలాడాయి. దూరం నుంచి చూస్తే మూడూ ఒకటే బూడిద. దగ్గరికొచ్చి కళ్లజోడు పెట్టుకుని చూసినా నాకు ఒకటే! పదమూడేళ్ల మా అమ్మాయి మాత్రం "అమ్మా, మూడూ వేరు వేరు. నీకు నిజంగా కనబడట్లేదా?" అని నా మీద జాలిపడేది. తన గదికి ముదురు బూడిద రంగు వేయాలన్నది దాని కోరిక. నాలుగు గోడలకీ. వీలైతే పై కప్పుకి కూడా.

ఈ సంగతి ఫోనులో విన్న మా అమ్మ, "శుభమా అని ఇల్లు కొనుక్కుని గోడలకి బూడిద పులుముకుంటారటే?" అంది నరసరావుపేట నుంచి. ఆవిడ అలా అనడంలో న్యాయం లేకపోలేదు. నెల రోజుల్లో ఆవిడ ఫ్రిస్కోలో ఉన్న మా ఇంటికి వస్తోంది. ఆరు నెలలు ఉంటుంది. పడుకునేది మనవరాలి గదిలోనే. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండో కంటికి ఇంకా కాలేదు. రాత్రి రెండుసార్లన్నా లేస్తుంది. అంటే ఆ గోడల రంగు ఒక్క టీనేజి పిల్ల సరదా విషయం కాదన్నమాట.

నేను పెయింటర్ని కాను, అందరిలాగే సాఫ్ట్‌వేర్ దాన్ని. కాని ఆ రెండు వారాల్లో నేర్చుకున్నది చాలానే ఉంది. మన బడి కుటుంబాల్లో చాలామంది ఇప్పుడు కొత్త ఇళ్లు కొనుక్కుంటున్నారు, పిల్లలందరూ ఈ రంగే అడుగుతున్నారు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు మాటల సంగతి చూద్దాం, ఎంతైనా తెలుగుబడి పత్రిక కదా! గ్రే కలర్‌ని తెలుగులో ఏమంటారంటే పిల్లలు ఠక్కున "బూడిద రంగు" అంటారు. డార్క్ గ్రే? "ముదురు బూడిద రంగు". అక్కడితో ఆగిపోతాం. పెయింటు కొట్టులోనేమో ఇనప ఖనిజమని ఒకటి, మిరియపు గింజని ఒకటి, బొగ్గని ఇంకొకటి, గోడ నిండా పేర్లే. మనకి మాటలు లేవా అంటే కావలసినన్ని ఉన్నాయి. పావురాయి రంగు, ఏనుగు రంగు, సీసం రంగు, మసి రంగు, మబ్బు రంగు. సంస్కృతం నుంచి వచ్చిన ధూసరం, ధూమ్రం. నీలమేఘశ్యాముడు అన్న పేరులో ఉన్నది వానమబ్బు రంగు, అంటే నీలం కలిసిన ముదురు బూడిదే కదా! ఇక రాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. వంటింటి గట్టుకి వేసే నల్లటి కడప రాయి, నీలంగా ఉండే తాండూరు బండ, పల్నాడు ఇళ్లలో పరిచే నాపరాయి, ఇవన్నీ ముదురు బూడిద కుటుంబమే. ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏ రెండూ కలవవు.

మనిషి ఒంటి రంగుని 'చామనఛాయ' అనే భాష మనది. ఆ 'ఛాయ' అన్న మాటే ఇక్కడ మనకి పనికొస్తుంది. పెయింటు వాళ్లు అండర్‌టోన్ అనేది దీన్నే. పైకి బూడిద, లోపల నీలమో, ఆకుపచ్చో, ఊదానో, గోధుమ రంగో దాగి ఉంటుంది. ముదురు రంగులతో చిక్కేమిటంటే ఆ లోపలిది చిన్న కార్డు మీద కనబడదు, గోడంతా వేశాక బయటపడుతుంది.

ఈ పాఠం నేను ఖర్చు పెట్టి నేర్చుకున్నాను. రెండేళ్ల కిందట మా ఇంట్లో ఆఫీసు గదికి కొట్టులో నిలబడి పది నిమిషాల్లో ఒక ముదురు బూడిద ఎంచుకొచ్చాను. శని, ఆదివారాలు కష్టపడి వేశాం. ఆదివారం రాత్రి దీపం వేసి చూస్తే గోడలన్నీ వంకాయ రంగు! మావారు వీడియో మీటింగులో కూర్చుంటే వెనక గుత్తివంకాయ తోట కనిపించేది. ఆ రంగు పేరు చెప్పను, ఎందుకంటే తప్పు రంగుది కాదు. ఆ గదిలో పసుపు కలిసిన లేతగోధుమ కార్పెట్ ఉంది. పసుపు పక్కన ఏ బూడిదైనా దానికి ఎదురు రంగు వైపు, అంటే నీలం, ఊదా వైపు జరిగినట్టు కంటికి అనిపిస్తుంది. ఫ్రాన్సులో గోబెలాన్ అనే ప్రసిద్ధమైన తివాసీల కార్ఖానా ఉంది. అక్కడ అద్దకం పనికి అధికారిగా ఉన్న షెవ్రాల్ అనే రసాయన శాస్త్రవేత్త దగ్గరికి, నల్ల దారం సరిగా నల్లగా లేదన్న ఫిర్యాదు వచ్చింది. ఆయన పరీక్షించి చూస్తే దారంలో ఏ లోపమూ లేదు, పక్కనున్న రంగుల వల్ల అలా కనబడుతోందని తేలింది. దాని మీద 1839లో ఆయన పెద్ద పుస్తకమే వేశాడు. నాకు ఆ పుస్తకం సంగతి గుత్తివంకాయ గది తరవాత తెలిసింది!

సరే, ఈసారి మా మూడు కార్డుల సంగతి. షెర్విన్ విలియమ్స్ వారి ఐరన్ ఓర్, పెప్పర్‌కార్న్, బెంజమిన్ మూర్ వారి కెండాల్ చార్‌కోల్. కార్డు వెనకనో, కంపెనీ వెబ్‌సైట్‌లోనో ప్రతి రంగుకీ ఎల్.ఆర్.వి. అని ఒక అంకె ఉంటుంది. లైట్ రిఫ్లెక్టెన్స్ వాల్యూ అన్నమాట. గోడ మీద పడిన వెలుతురులో నూటికి ఎంత తిరిగి గదిలోకి వస్తుందో చెప్పే అంకె అది. కటిక నలుపుకి 0, పరిపూర్ణమైన తెలుపుకి 100. మామూలుగా ఇళ్లకి వేసే తెలుపులు చాలావరకు 80 పైన ఉంటాయి. ఐరన్ ఓర్‌కి 6, పెప్పర్‌కార్న్‌కి 10, కెండాల్ చార్‌కోల్‌కి దాదాపు 13.

"ఆరుకీ పదమూడుకీ పెద్ద తేడా ఏముంది?" అనుకున్నాను నేను. మా అమ్మాయి వెంటనే "అమ్మా, అది డబుల్!" అంది. నిజమే. నూటిలో ఏడే తేడా అనిపిస్తుంది గాని, ఒక గోడ ఇంకో గోడకి రెండింతలు వెలుతురు తిరిగి ఇస్తోంది. లేత రంగుల్లో ఏడు అంకెలు పట్టించుకోనక్కర్లేదు. ముదురు రంగుల్లో ఒక్కొక్క అంకే బరువైనది.

లెక్కలంటే ఇష్టమున్న పిల్లలకి ఇక్కడ మంచి లెక్క ఉంది. నాలుగు గోడలు, నేల, కప్పు అన్నీ ఒకే రంగున్న గది ఊహించుకోండి. దీపం నుంచి 100 పాళ్ల వెలుతురు బయలుదేరింది. గోడ తెలుపైతే 80 పాళ్లు వెనక్కి వస్తాయి. అవి ఎదుటి గోడకి తగిలి 64, మళ్లీ 51, అలా బంతిలా గంతులేస్తూ ఉంటాయి. 100+80+64+51... కూడుకుంటూ పోతే మొత్తం 500 అవుతుంది. అదే ఎల్.ఆర్.వి. 10 ఉన్న బూడిద అయితే 100, తరవాత 10, తరవాత 1, అంతే. మొత్తం 111! ఒకే బల్బు, ఒకే కరెంటు. ఒక గదిలో అయిదు వందల వెలుగు, ఇంకో గదిలో నూట పదకొండు. నిజం గదుల్లో కప్పు తెల్లగా ఉంటుంది, కిటికీ ఉంటుంది కాబట్టి తేడా ఇంత ఉండదు. కాని "కప్పుకి కూడా వేద్దాం" అన్న కోరిక ఈ లెక్క చూశాక దానంతట అదే రద్దయింది. నేను ఒక్క మాట అనలేదు!

ఛాయ ఎక్కణ్ణుంచి వస్తుందో కూడా చూద్దాం. ముదురు బూడిద అంటే తెలుపులో నలుపు కలపడమే అనుకుంటాం. కొట్టులో మిషను డబ్బాలో పోసే బొట్లు చూడండి. నలుపుతో పాటు పసుపు, ఎరుపు, ఒక్కోసారి నీలం, ఆకుపచ్చ కూడా పడతాయి. ఎందుకంటే ఉత్త నలుపుని తెలుపులో కలిపితే చూడ్డానికి కాస్త నీలంగా ఉంటుంది. ఆ నీలాన్ని అణచడానికి పసుపో, ఎరుపో వేస్తారు. రంగుల్లో చిరకాలంగా వాడుతున్న నల్ల పొడుల్లో ఒకదాని పేరు ల్యాంప్ బ్లాక్, అంటే దీపపు మసి. మన అమ్మమ్మలు ఆముదం దీపం మీద పళ్లెం బోర్లించి కాటుక పట్టేవారే, అదే మసి! ఇది చెప్పినప్పటి నుంచి మా అమ్మాయి తన గోడకి కాటుక పెడుతున్నామని అందరికీ చెప్పుకుంది.

పెప్పర్‌కార్న్‌కి కంప్యూటరు అంకెల్లో ఎరుపు 88, ఆకుపచ్చ 88, నీలం 88. మూడూ సమానం కాబట్టి ఏ ఛాయా ఉండదని మా సాఫ్ట్‌వేర్ బుద్ధికి తోచింది. కాని మా అమ్మాయి గది కిటికీ ఉత్తరం వైపు ఉంది. అమెరికాలో సూర్యుడు దక్షిణం వైపుగా తిరుగుతాడు కాబట్టి ఉత్తరం కిటికీలోంచి ఎండ దాదాపుగా రాదు, ఆకాశం వెలుతురు వస్తుంది. ఆకాశం వెలుతురులో నీలం పాలు ఎక్కువ. ఏ ఛాయా లేని రంగు మీద నీలం వెలుతురు పడితే అది నీలంగా కాక ఇంకెలా ఉంటుంది? అదే రంగు దక్షిణం గదిలో మధ్యాహ్నం ఎండలో హాయిగా, వెచ్చగా ఉండొచ్చు. కాబట్టి పక్కింటివాళ్ల గోడ బాగుందని రంగు పేరు రాసుకుని వచ్చేసేవారు వాళ్ల కిటికీ ఏ దిక్కున ఉందో కూడా రాసుకోవాలి. వాస్తు కోసం ఎలాగూ దిక్సూచి తీస్తాం, పనిలో పనిగా దీనికీ వాడుకోవచ్చు.

బల్బుల సంగతి ఇంకో కథ. మన తరం వాళ్లం ట్యూబులైటు కింద చదువుకున్నవాళ్లం. అందుకని ఇక్కడ కూడా తెల్లటి వెలుతురు ఇచ్చే 'డేలైట్' బల్బులు, 5000 కెల్విన్‌వి, ఏరికోరి తెచ్చుకుంటాం. లేత రంగు గోడలకి ఫరవాలేదు. ముదురు బూడిద మీద ఆ వెలుతురు పడితే గది ఆసుపత్రి వరండాలా ఉంటుంది. 2700 లేక 3000 కెల్విన్ బల్బు పెడితే అదే గోడ మెత్తబడుతుంది. బల్బు అట్టపెట్టె మీద సి.ఆర్.ఐ. అని ఇంకో అంకె ఉంటుంది. అది 90 పైన ఉన్నది కొంటే రంగులు ఉన్నవి ఉన్నట్టు కనబడతాయి. రంగు ఎంచుకోకముందే బల్బు మార్చండి. వంకాయ గదిలో నేను రెండూ తలకిందులుగా చేశాను.

ఈసారి తొందరపడలేదు. మూడు రంగుల్లోనూ చిన్న నమూనా డబ్బాలు తెచ్చాం. గోడ మీద వేయకుండా, సైన్స్ ఫెయిర్‌కి కొనే తెల్ల పోస్టర్ బోర్డు ముక్కల మీద, రెండడుగుల మేర, రెండు కోట్లు వేశాం. చుట్టూ రెండంగుళాల తెలుపు వదిలేశాం. పాత గోడ రంగు కంటిని మోసం చేయకుండా అది అడ్డుకుంటుంది. తడి ఆరాక రంగు ఇంకాస్త ముదురుతుంది కాబట్టి మర్నాటి వరకు తీర్పు చెప్పకూడదని నియమం పెట్టుకున్నాం. బోర్డులు ఒకసారి కిటికీ పక్కన, ఒకసారి కిటికీకి ఎదురుగా, ఒకసారి మూలన నిలబెట్టాం. స్కూలు బస్సు వచ్చే ముందు, బడి నుంచి వచ్చాక, మునిమాపువేళ, రాత్రి తొమ్మిదికి దీపం కింద, నాలుగుసార్లు చూశాం. ఎందుకంటే ఆ గదిలో అది నిజంగా ఉండే వేళలు అవే. మిట్టమధ్యాహ్నం గది ఎంత అందంగా ఉంటే ఏం లాభం, అప్పుడు దాన్లో ఎవరూ ఉండరు.

ఐరన్ ఓర్ రాత్రిపూట నల్లగానే ఉంది. గది మూలలు కనబడలేదు. పెప్పర్‌కార్న్ పొద్దున పూట అచ్చం వానమబ్బు, మా కార్పెట్ పక్కన ఇంకా నీలం. కెండాల్ చార్‌కోల్‌లో కాస్త గోధుమ ఛాయ ఉంది కాబట్టి ఉత్తరపు నీలం వెలుతురు, ఆ ఛాయ ఒకదాన్నొకటి సరిపెట్టుకున్నాయి. నాలుగు వేళలా అది బూడిదగానే ఉంది. మా అమ్మాయికి మొదటి ఇష్టం ఐరన్ ఓర్. ముఖం ముడుచుకుంది.

అప్పుడు అమ్మ సంగతి మాట్లాడుకున్నాం. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపెక్కుతుంది. అరవయ్యేళ్ల వాళ్ల కంటి లోపలికి చేరే వెలుతురు ఇరవయ్యేళ్ల వాళ్లకి చేరేదాంట్లో ఇంచుమించు మూడో వంతే. శుక్లం ఉంటే ఇంకా తక్కువ. పసుపెక్కిన కటకం నీలాన్ని అడ్డుకుంటుంది కాబట్టి ముదురు నీలం, నలుపు, ముదురు బూడిద ఒకటిగానే కనబడతాయి. మనకి గది కాస్త చీకటిగా, హాయిగా ఉందంటే ఆవిడకి అది అమావాస్య. ముదురు గోడకి ఆనించి ముదురు చెక్క బల్ల పెడితే, రాత్రి లేచినప్పుడు ఆ బల్ల అంచు మోకాలికి తగిలాకే తెలుస్తుంది.

కాని ఇందులో ఒక మంచి కూడా ఉందని మా అమ్మాయే పట్టుకుంది. ముదురు గోడ మీద తెల్లటి తలుపు చట్రం, తెల్లటి స్విచ్చు కొట్టొచ్చినట్టు కనబడతాయి! తెల్ల గోడ మీద తెల్ల స్విచ్చు వెతుక్కోవడం కష్టం గాని ఇది తేలిక. అంటే కావలసింది అంతా తెలుపూ కాదు, అంతా నలుపూ కాదు, పక్కపక్కన ఉన్నవాటి మధ్య తేడా.

చివరికి ఇలా కుదిరింది. తలుపు, స్విచ్చు ఉన్న ఒక్క గోడకి కెండాల్ చార్‌కోల్. మంచం తలాపి కూడా అటే. మిగిలిన మూడు గోడలకి, కప్పుకి వెచ్చటి తెలుపు. ముదురు చెక్క బల్ల గరాజ్‌కి వెళ్లి, లేత రంగు బల్ల వచ్చింది. బాత్‌రూమ్ దారిలో మనిషి కదిలితే వెలిగే చిన్న దీపాలు రెండు. ఐరన్ ఓర్ నమూనా డబ్బా ఊరికే పోలేదు, దాంతో తన పుస్తకాల అర వెనక భాగానికి వేసుకుంది. నాలుగు గోడల నుంచి ఒక్క గోడకి రావడం దానికి చిన్న విషయం కాదని నాకు తెలుసు. నేనేమీ బలవంతపెట్టలేదు. లెక్క అదే చేసింది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. గాలన్ డబ్బా ఒక కోటుకి 350 నుంచి 400 చదరపు అడుగుల దాకా వస్తుంది. లేత గోడ మీద ముదురు వేయాలంటే ముందు బూడిద రంగు కలిపిన ప్రైమర్ వేయించుకోండి, లేకపోతే మూడో కోటు తప్పదు. మెరుపు లేని ఫ్లాట్ పెయింటు ముదురు రంగులో చాలా అందంగా ఉంటుంది గాని, పిల్లల బ్యాగు రాసుకున్న చోటల్లా నిగనిగలాడే మచ్చ పడుతుంది. ఎగ్‌షెల్ గాని, కడగడానికి వీలైన మ్యాట్ గాని మేలు. తిరగమోత వేసే పొయ్యి వెనక గోడకి ముదురు బూడిద వద్దే వద్దు. తెల్ల గోడ మీద పసుపు మరక కనిపిస్తుంది, ముదురు గోడ మీద నూనె చుక్క మెరుస్తుంది, దుమ్ము కూడా కనిపిస్తుంది. దేవుడి మందిరం వెనక మాత్రం బ్రహ్మాండంగా ఉంటుంది. ఇత్తడి దీపపు కుందులు వెలిగిస్తే గోడ వెనక్కి తప్పుకుంటుంది, వెలుగే కనిపిస్తుంది. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ముందు లీజు చదవండి. ముదురు రంగుని మళ్లీ తెలుపు చేయడం వేసినదానికి రెట్టింపు పని. ఇల్లు 1978 కన్నా ముందు కట్టినదైతే పాత పెయింటులో సీసం ఉండొచ్చు, పరీక్ష చేయించకుండా గోడ గీకవద్దు. ముఖ్యంగా చంటిపిల్లలున్న ఇంట్లో.

పిల్లలూ, మీరొకటి చేసి చూడండి. ఒకే బూడిద కాగితం లోంచి రెండు చిన్న చతురస్రాలు కత్తిరించండి. ఒకటి ఎర్ర కాగితం మధ్యలో, ఒకటి పచ్చని పసుపు కాగితం మధ్యలో అంటించండి. అమ్మని, నాన్నని పిలిచి రెండూ ఒకే రంగా అని అడగండి. తరవాత ఇంట్లో, పెరట్లో కనబడే బూడిద రంగులన్నిటికీ తెలుగు పేర్లు పెట్టి పట్టిక రాయండి. 'గ్రే' అన్న మాట ఒక్కసారి కూడా వాడకూడదు. మా ఇంట్లో పట్టిక పద్నాలుగు దాకా వెళ్లింది. 'ఉడత వీపు రంగు', 'పాత పెనం రంగు' మా అమ్మాయి సొంతం.

అమ్మ వచ్చింది. ప్రయాణం బడలికలో మొదటిరోజు గోడ సంగతే ఎత్తలేదు. మర్నాడు పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చుని, ఆ గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు చూసింది. బూడిద అంటుందేమోనని నేను గుమ్మంలో నిలబడి వింటున్నాను.

"కడిగిన నాపరాయిలా ఉందే" అంది.

"నాపరాయి అంటే ఏంటి అమ్మమ్మా?" అంటూ మా అమ్మాయి పక్కన చేరింది. అమ్మ నరసరావుపేట ఇంటి వసారా దగ్గర మొదలుపెట్టింది. ఎండాకాలం సాయంత్రం బిందెడు నీళ్లు చల్లితే ఆ బండలు ఎలా నల్లబడేవో, ఆరేకొద్దీ మళ్లీ ఎలా తెల్లబడేవో, వాటి మీద చాప వేసుకుని ఎవరెవరు పడుకునేవారో చెబుతోంది. నేను ఆఫీసు మీటింగుకి ఆలస్యమై వెళ్లిపోయాను. సాయంత్రం చూస్తే ఫ్రిజ్ మీది పట్టికలో పదిహేనో వరస చేరింది. 'కడిగిన నాపరాయి'. డ కింద చుక్క పెట్టి, పెన్సిలుతో.